గీకేసిన సంతకం

ఎదురుగా సైకిల్ షాపాయన పొద్దున్నే చేతుల జిడ్డును కిరోసిన్‌తో కడుక్కుంటాడు. ఆ వాసన నేరుగా వచ్చి నా చాయ్‌లో పడుతుంది. రెండుసార్లు చెప్పి చూశాను. మా ఇంటి చాయ్‌కి అదొక్కటే తక్కువైందా అన్నట్టు నవ్వాడు. గట్టిగా పోట్లాడలేను. ఆ వాసన తగిలినప్పుడల్లా కరీంనగర్‌లో యూసుఫ్ సాబ్ ప్రెస్సు గుర్తొస్తుంది. అచ్చయ్యాక అక్షరాలనూ బొమ్మల బ్లాకులనూ అక్కడ కిరోసిన్‌తోనే కడిగేవాళ్లం.

ఎనభైల్లో బి.ఏ. ముగించి ప్రూఫులు దిద్దడానికి ఆయన దగ్గర చేరాను. నా డిగ్రీని చూసి ప్రెస్సులో ఎవరూ లేచి నిలబడలేదు. రెండేళ్లకు పిల్లల కథలు రాశాను. నా మొదటి పుస్తకం. బడులు తెరిచేలోపు రావాలి. ఆలస్యమైతే చదివేవాళ్లలో మా అవ్వ ఒక్కతే మిగులుతుంది, ఆమెకు చదువు రాదు. బొమ్మలు వేయించే వ్యవధి లేదు. అటక మీద, సాబ్ తండ్రి కాలంలో ఓ పుస్తకానికి చేయించిన బొమ్మల జింకు బ్లాకులు దొరికాయి. కుందేలు, నక్క, నెమలి, మొత్తం పన్నెండు. ప్రతి బొమ్మ మూలా చిన్న సంతకం ఉంది. ఆకురాయితో గీకేశాను. నా పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో కంపోజ్ చేయించాను.

ప్రూఫు చూసి సాబ్ అడిగాడు: "గీ మూలకు ఏముండె?"

"సంతకం సాబ్. అరిగిపోయింది."

"అరిగిందా, గీకినవా?"

నేను జవాబు మార్చాను. "బ్లాకు మనదే గద సాబ్. పుస్తకమొచ్చి గూడ యాభై ఏండ్లాయె."

"బ్లాకు మనదే, బొమ్మ మనది గాదు బేటా. కానూన్ల హక్కు పుస్తకమొచ్చినంక యాభై ఏండ్లు గాదు, బొమ్మేసినాయన పోయినంక యాభై ఏండ్లు. పోయిండా ఆయన?"

"తెల్వది."

"ఎర్కజేసుకో. అప్పటిదాంక మిషనెక్కది."

బ్లాకులు తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. తండ్రి దాచిన పాత ప్రతిలో పేరు దొరికింది: రాజలింగం, డ్రాయింగ్ మాస్టారు. బడి బడికీ మనుషులను పంపి వాకబు చేయించాడు. మాస్టారు పోలేదు. రిటైరై బెల్లంపల్లిలో నిక్షేపంగా ఉన్నాడు. వెంటనే బస్సెక్కాం.

మాస్టారు ప్రూఫును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన వేలు సరిగ్గా ఆ మూలకే వెళ్లింది.

"నా సంతకమేది?"

"గీకినం సార్," అన్నాడు సాబ్. "మా ప్రెస్సుల తప్పయింది. మీరు ఊఁ అంటెనే అచ్చేస్తం. లేకుంటె లేదు."

నా పుస్తకం ప్రాణం ఆ కిటికీ దగ్గర వేలాడుతోంది. మాస్టారు తొందరపడలేదు. ఒక కథ కూడా చదివాడు. అంత శ్రమ నేను కోరలేదు.

"బొమ్మలు ఏస్కోండ్రి. ముందట నా పేరు వెయ్యిండ్రి," అని కాగితం మీద రాసిచ్చాడు. నా వైపు తిరిగి, "కథలకు మాత్రం నా పేరు తగిలియ్యకుండ్రి," అన్నాడు.

పుస్తకం బడులు తెరిచిన వారానికి వచ్చింది. నా పేరు పైన ఆయన పేరు, రెండూ ఒకే సైజులో. ఆ తర్వాత నా చేతిమీదుగా చాలా పుస్తకాలు వెళ్లాయి. ప్రతిదానికీ మొదట అడిగేది, బొమ్మ ఎవరిది అనే. ప్రచురణకర్తలకు నేనొక తలనొప్పి. ఆ తలనొప్పి యూసుఫ్ సాబ్ దగ్గర నేర్చుకున్నదని చెప్పుకోవడం నాకు గర్వమే, అదీ కాస్త ఎక్కువగానే.

ఆ రోజు తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను: "గీకింది నేను గద సాబ్. గీకినం అని మీరెందుకు మీదేస్కున్నరు?"

ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"నువ్వని జెప్తె సార్ నిన్ను మాఫ్ జేస్తుండె. నువ్వు గూడ మర్శిపోతుంటివి."