నీళ్ల గంట

మా బడిలో రోజుకు మూడుసార్లు నీళ్ల గంట కొడతారు. మూడేళ్లుగా ఆ పని నాదే. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో మోగించి, నీళ్ల మహిమ మీద ఉపన్యాసం దంచుతాను. మూత్రపిండాలు బాగుంటాయి, తలనొప్పి పోతుంది, చదివింది బుర్రకెక్కుతుంది. అంతా అయ్యాక నా సీసా మూత తీసి, పెదవులకు ఆనించి, మళ్లీ మూత పెట్టేస్తాను. ఒక్క చుక్క మింగను.

మింగితే వెళ్లేదెక్కడికి? ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉంది. గులాబీ రంగు గోడలు, తలుపు మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, దానికో తాళం. వాడితే పాడైపోతుందని మా హెడ్మాస్టారి భయం. అధికారులు వస్తే చూపించాలి కదా! మగపిల్లలకు ప్రహరీ వెనక పొలమంతా ఉంది. ఆయనకూ ఉంది.

ఈ మార్చి ఎండల్లో మూత్రంలో మంటతో, జ్వరంతో ఆమదాలవలసలో డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"ఏటమ్మా, టీచరై ఉండి నీళ్లు తాగవా?" అని ఆవిడ నా ఉపన్యాసం నాకే అప్పజెప్పింది.

మాత్రలు మింగి బడికొచ్చిన వారానికి ఏడో తరగతి పిల్ల ప్రార్థన వరసలో కళ్లు తిరిగి పడిపోయింది. నీడకు చేర్చి, "గంట కొట్టినప్పుడల్లా నీళ్లు తాగుతున్నావు కదే, ఏమైంది?" అన్నాను.

"తాగనేదు టీచర్. మీరు సేసినట్టే సేస్తన్నాం, ఆడపిల్లలందరం."

సిగ్గుతో చచ్చిపోయాను. నేరుగా హెడ్మాస్టారి గదికి వెళ్లి తాళంచెవి అడిగాను.

"వచ్చే వారం ఆఫీసర్లు వస్తన్నారమ్మా. అంతవరకు పిల్లల్ని కాస్త తక్కువ తాగమని సెప్పండి" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

సీసా మొత్తం ఆయన ఎదుటే గటగటా తాగి, చెయ్యి చాపి నిలబడ్డాను. కంగారుపడి తాళంచెవి ఇచ్చేశారు. తీరా వెళ్లి చూస్తే తాళం తుప్పు పట్టి తిరగనే లేదు. ఇన్నాళ్లూ వచ్చి మెచ్చుకుని వెళ్లిన అధికారులు చూసింది తలుపు మీది బొమ్మనేనన్నమాట.

గంట కొట్టే కడ్డీ తెచ్చి తాళం మీద బాదాను. నాలుగో దెబ్బకు ఊడింది. ఆ చప్పుడు నీళ్ల గంటే అనుకుని తరగతుల్లో పిల్లలు సీసాలు తీశారు.

"తాగండే!" అని అరిచాను. మూడేళ్లలో ఆ మాట మనసారా అన్నది అదే మొదటిసారి.