రెండో తూటా లేని తుపాకి

మా వదిన పోయిందన్న కబురు ఆత్మకూరు మీదుగా వచ్చిన ఒక లారీ క్లీనరు తెచ్చాడు. "మీ వదినమ్మ తెల్లారుజామున పోయిందంట సార్. బిర్నా రమ్మన్నారు" అని కర్నూల్లో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి చెప్పి, నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను ముందున్న ఫైలు మూసి, ఎందుకో మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను. ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. మొహంలో ఎప్పటి గాంభీర్యమే. లేచి నాకేదో పని చెబుతుందేమో అనిపించింది.

మా అన్న పెళ్ళయిన నాలుగో ఏట విషజ్వరంతో పోయాడు. నల్లమల అంచున ఎనిమిదెకరాల మెట్ట చేను మిగిలింది. దాన్ని కౌలుకిచ్చి వదిన పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె వెళ్ళలేదు. నాగలి మేడి పట్టడం ఒక్కటి తప్ప సేద్యంలో పనులన్నీ తానే చేసుకుంది. అయితే వరసగా రెండేళ్ళు, తీరా కాయ ఊరే వేళకు అడవిపందులు దిగి మేము బుడ్డలనే వేరుశనగ చేనంతా తవ్వి పోశాయి. "ఈయేడు గూడ పోతే చేను అమ్ముకోవాల్సిందే అప్పా" అంది ఒకసారి. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

తుపాకి కొందామన్నది ఆమే. అప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులు సగం డేరాల్లో నడిచేవి. లైసెన్సు కాగితం కోసం ఒక డేరాలోంచి ఇంకో డేరాలోకి తిరిగాం. ఒక గుమాస్తా నవ్వి, "ఆడమనిషికి తుపాకి ఎందుకమ్మా?" అన్నాడు. "పందులు ఆడా మగా సూసి వస్తాండాయా సామీ?" అంది వదిన. అతడు నవ్వు ఆపి ముద్ర కొట్టాడు.

తుపాకుల అంగడి సాయిబు బల్ల మీద మూడు తుపాకులు పరిచాడు. అందులో రెండు గొట్టాలది ఒకటి ఉంది. కొయ్య మీద చెక్కిన ఆకులూ పూలూ చూసి నా మనసు దాని మీదికి పోయింది. పల్లెలో దాన్ని భుజాన వేసుకుని నడిచినట్టు ఊహించుకున్నాను కూడా, సిగ్గు లేకుండా. వదిన దాన్ని ముట్టుకోనైనా లేదు. చివరున్న ఒంటి గొట్టం పాత తుపాకి తీసి, తూటా పెట్టే చోట నాలుగైదు సార్లు విరిచి మూసింది. పైకి కనబడే దాని గుర్రాన్ని, తూటాను పేల్చే ఆ కొక్కేన్ని, బొటనవేలితో లాగి, మెల్లగా దించింది. "ఇది సెడిపోతే మా ఊరి కమ్మరి బాగు సేస్తాడా?" అని అడిగింది. చేస్తాడన్నాడు సాయిబు.

"రెండో తూటా ఉంటే మేలు గదా వదినా, మొదటిది తప్పితే?" అన్నాను.

"రెండోది ఉండాదనుకుంటే మొదటిది సూడకుండా కాలుస్తాం" అంది.

ఊళ్ళో ఆ తుపాకి వడ్రంగి చేతికి వెళ్ళింది. భుజానికి ఆనే కొయ్య తన చేతికి పొడుగైందని రెండు వేళ్ళ మందం కోయించింది. కోసిన చోట పాత చెప్పు తోలు, దాని కింద దూది పెట్టించింది. రెండు చేతులూ పనికి ఉండాలని పగ్గంతో పట్టీ కట్టింది. మసక వెలుతురులో గురి కనబడాలని గొట్టం కొసన సున్నం చుక్క పెట్టింది. తుప్పు పట్టకుండా ఆముదం గుడ్డతో రోజూ తుడిచేది. ఇదంతా నాకు నచ్చింది. నచ్చనిది ఒక్కటే. తుపాకి మీటకూ దాని వెనక కమ్మీకీ మధ్య సందులో సరిగ్గా పట్టేటట్టు ఒక వేపపుల్ల చెక్కించి, దారంతో ముడివేసింది. ముడి విప్పి పుల్ల లాగితే గానీ మీట కదలదు.

"పంది నిలబడి, పుల్ల తీసుకో తల్లీ, అందాకా ఉంటాలే అంటుందా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "నా సంగతి నాకు తెల్సప్పా. కోపమొస్తే ముందు సెయ్యి లేస్తాది, కన్ను తర్వాత పోతాది. మద్దెన ఆ పుల్ల ఉండనీ."

ఆమె దాంతో ఎక్కువగా ఆకాశంలోకే కాల్చేది. ఆ చప్పుడుకే పందులు అడవి దారి పట్టేవి. ఆ ఏడు పంట ఇల్లు చేరింది.

మరుసటి కార్తీకంలో నేను సెలవు మీద వెళ్ళాను. వదినకు కాలు బెణికింది. తూర్పు గెనెం గట్టు వైపు రెండు రోజులుగా పందులు తవ్వినట్టు తీగలు పడి ఉన్నాయి. వేకువనే తుపాకి తీసుకుని నేను పోయాను. మంచు పడుతోంది. నలభై అడుగుల దూరంలో నల్లగా, వంగి, మెల్లగా కదులుతోంది. తీగ తెగే చప్పుడు కూడా వినబడింది. గుర్రం లాగాను. సున్నం చుక్క దాని వీపు మధ్యకు తెచ్చాను. మీట నొక్కాను.

పేలలేదు. పుల్ల!

వదినను మనసులోనే తిట్టుకుంటూ ముడి విప్పబోయాను. మంచుకు తడిసిన దారం గోళ్ళకు చిక్కలేదు. అంతలో పంది దగ్గింది. నల్ల గొంగడి తల మీంచి వెనక్కు తోసుకుని, పక్కకు ఉమ్మింది. ఊరి చివర గుడిసెలో ఉండే కూలి మనిషి. ఆ ఏడు అతనికి ఎక్కడా పని దొరకలేదని అంతకు ముందురోజే విన్నాను. అతడు పంచె ఒడిలో బుడ్డలు పోసుకుని, నన్ను చూడకుండానే వెళ్ళిపోయాడు. నేను తుపాకి విరిచి, తూటా తీసి జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. వదిన తుపాకి అందుకుని పుల్ల ముడి చూసింది.

"నువ్వు మీట నొక్కినావు గదా?"

"నొక్కినా."

"అది మర్సిపోవద్దు."

ఆ మధ్యాహ్నమే అతన్ని పిలిపించి కోతకు పెట్టుకుంది. కోత అయ్యాక ఏడాది పొడుగునా ఉండమంది. అతనికి జరిగింది చెప్పేద్దామన్నాను. "సెప్తే నీ గుండె తేలికైతాది, వానిది బరువైతాది. నీది నువ్వే మొయ్యి" అంది. ఐదేళ్ళుగా మోస్తున్నాను. ఇవాళ ఇలా రాసి ఆమె మాట దాటుతున్నానేమో. అందుకే ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయలేదు.

కర్మలయ్యాక తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించాలన్నారు. ఆ కూలి మనిషీ నేనూ వెళ్ళాం. దారి పొడుగునా దాన్ని అతడే మోశాడు. "అమ్మ పిల్సక ముందు నేను ఆమె సేన్లో బుడ్డలు దొంగిలించినా సామీ. ఆయమ్మకు తెల్సు. తెల్సే పిల్సింది. ఎందుకు పిల్సిందో ఇంతవరకు నాకు తెల్దు" అన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "మా వదిన అంతేలే" అని మాత్రం అన్నాను.

స్టేషన్లో జమాదారు గొట్టంలోకి చూస్తూ, "దీంతో ఏమన్నా చంపినారా?" అన్నాడు.

"ఒక్క పందిని గూడ సంపలేదు సార్" అన్నాడతడు, గర్వంగా. నేను కాగితం మీద సంతకం పెట్టాను. నా సంతకం నాకే కొత్తగా కనబడింది.

తిరిగి వచ్చేటప్పుడు చేను మీదుగా వచ్చాం. కాయ పక్వానికొచ్చింది, ఇక తుపాకి లేదు. అతని భార్యా పిల్లలూ కాపలా ఉన్నారు. పెద్దవాళ్ళిద్దరూ గెనెం మీద కేకలు వేస్తున్నారు. అందరికంటే చిన్నది, ఆడపిల్ల, తీగల మధ్య చతికిలబడి పాత డబ్బాను కట్టెతో బాదుతోంది. మూతి నిండా మన్ను.

"ఎన్నేళ్ళు దీనికి?" అన్నాను.

"నాలుగు నడుస్తాండాది సామీ."

ఆ వేకువ నాటికి ఈ పిల్ల పుట్టలేదు. నేను అక్కడే కూర్చున్నాను. అది డబ్బా కొట్టడం ఆపి, నన్ను కాసేపు పరీక్షగా చూసి, పచ్చి కాయ ఒకటి పళ్ళతో చిట్లించి, గింజలు నా అరచేతిలో పెట్టింది.