సీరియల్ అయ్యేదాకా

నేను కూర్చుని రాయలేను. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ప్రేమ నవలలు రాసే ఆవిడంటే కిటికీ పక్కన కుర్చీ, గ్లాసులో మల్లెపూలు, చేతిలో కాఫీ అనుకుంటారు. నా తలకాయ! మా ఆర్మూర్ ఇంట్లో నేను కూర్చున్నానంటే చాలు, ఎవరో ఒకరికి దాహం వేస్తుంది, ఎవరో ఒకరికి చొక్కా గుండీ ఊడుతుంది. నిలబడి ఉంటే ఏదో పనిలో ఉన్నాననుకుని వదిలేస్తారు. అందుకే వంటింట్లో బియ్యం డబ్బా మీద అట్ట పెట్టుకుని, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పెన్ను పట్టుకుని ఏళ్ళ తరబడి రాశాను. నాలుగు వాక్యాలు రాసి పెరట్లోకి వెళ్ళడం, ఇంకో రెండు తోచగానే పరిగెత్తుకు రావడం. పాత్రల మాటలు పైకి అనుకుంటూ తిరగడం ఇంకో రోగం. ఒకసారి "నువ్వు లేకుండా నేను బతకలేను" అని గట్టిగా అనేసరికి, గుమ్మంలో పాలు పోస్తున్న అబ్బాయి చెంబు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి వాళ్ళమ్మను పంపించాడు.

ఇది ఎనభైల చివరి సంగతి. మా ఆయన పసుపు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమస్తా. సీజన్ మొదలైతే ఆయన చొక్కా కాలర్లు, చెవుల వెనక, గోళ్ళ సందులు, అన్నీ పసుపే. మాట మాత్రం ఏ సీజన్‌లోనూ లేదు. నా నవలల్లో నాయకులు పేజీల కొద్దీ మాట్లాడతారు. ఈయన పొద్దుటి నుంచి రాత్రి దాకా మాట్లాడినవన్నీ ఏరి పెడితే ఒక పోస్టుకార్డు కూడా నిండదు. "ఈయన్ను చూసి రాస్తారా మీరు?" అని ఎవరైనా అడిగితే నాకు నవ్వు, ఒళ్ళుమంట రెండూ వచ్చేవి.

మా అత్తమ్మకు చదువు రాదు. కానీ నా రాత మీద ఆమెకున్నన్ని అభిప్రాయాలు హైదరాబాదులో ఏ విమర్శకుడికీ లేవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గల్లీలోని ఆడవాళ్ళు చాటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరేవారు. తడిపిన తునికాకులు, కత్తెరలు, తంబాకు వాసన, బీడీల మీద బీడీలు. నా సీరియల్ వేసే వారపత్రిక గురువారం బస్సుకు వచ్చేది. ఆ రోజు పత్రిక చదివి వినిపించేవాళ్ళు బీడీలు చుట్టనక్కర్లేదు. వాళ్ళ వంతు మిగతావాళ్ళు తలా కొన్ని చుట్టి ఇచ్చేవారు. మొదట్లో మా అమ్మాయి చదివేది. హైస్కూల్లోకి వచ్చాక, "ఛీ, మా అమ్మ రాసింది నేను చదవాలా" అని సిగ్గుపడి మానేసింది. "రాసినదానివి నువ్వే గదా, సదువు" అని అత్తమ్మ నన్ను పట్టుకుంది. నాకు బీడీలు చుట్టడం రాకపోయినా నా పేరు మీద కొన్ని అత్తమ్మ చాటలో పడేవి. ఆమె పట్టుదలకు అసలు కారణం అదేనని నా అనుమానం.

వాళ్ళ ముందు చదవడమంటే పరీక్షే. "గీ పోరడు చెట్ల పొంటి తిరుగుడు తప్ప ఏమన్న పని చేస్తడా లేదా?" అని ఒకావిడ అడిగింది. నాకు రోషం వచ్చింది. తరువాత పంపిన భాగంలోనే వాడికి బ్యాంకులో ఉద్యోగం ఇచ్చాను.

ఇక మా ఇంట్లోని జంతువులు. అందరూ అనుకున్నట్టు అవి నేను ముచ్చటపడి తెచ్చుకున్నవి కావు, వచ్చి పడినవి. మొదటిదాన్ని తెచ్చింది మాకు రెండిళ్ళ అవతలి ఇంటి కోడలు పిల్ల. ఒక వానాకాలం పొద్దున కొంగులో ఏదో మూట కట్టుకుని వచ్చింది. విప్పితే కుక్కపిల్ల. హైవే మీద లారీ తొక్కి వెనక కాలు నుజ్జయింది.

"మా అత్త అవతల పారెయ్యుమంటున్నదక్కా. నువ్వు కథలు రాస్తవు గదా, నీకు దయ ఉంటదనుకున్న" అంది.

దయ ఏమిటి నా మొహం! ఆ రోజు హైదరాబాదుకు సీరియల్ భాగం పంపాలి, ఇంకా సగం రాయలేదు. అయినా తిట్టుకుంటూనే పశువుల దవాఖానకు పరిగెత్తాను. కాలు తీసేశారు. మిగిలిన మూడు కాళ్ళతో అది ఇల్లంతా నాకంటే ఎక్కువగా తిరిగేది. సీజన్‌లో ఒకసారి తప్పించుకుని పోయి యార్డులో పసుపు కుప్ప మీద పడుకుని వచ్చింది. తెల్ల కుక్క కాస్తా పసుపు ముద్దయింది. అత్తమ్మ చూసి, "దీనికి కామెర్లయినయే పిల్లా!" అని పసరు నూరడానికి కూర్చుంది. తరువాత మా ఆయన బస్తాల మధ్య దొరికిన గుడ్డి పిల్లికూనను మాటా పలుకూ లేకుండా టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. ఆ తరువాత రెక్క విరిగిన గోరింక ఒకటి. నేను రాస్తుంటే పిల్లి వచ్చి కాగితాల మీద పడుకునేది. లేపితే గీరేది.

కుక్కను చూసిపోవడానికి ఆ పిల్ల రోజూ వచ్చేది. రావడం రావడం తన చాట కూడా తెచ్చుకుని మా అరుగు మీదే కూర్చోవడం మొదలుపెట్టింది. పెనిమిటి దుబాయ్ వెళ్ళి నాలుగేళ్ళు. మొదటి రెండేళ్ళు కబుర్లు వచ్చాయి, తరువాత ఏమీ లేదు. అదే కంపెనీ నుంచి తిరిగొచ్చిన ఒకాయన, "కంపెనీ ఇడిసిపెట్టి పోయిండు, ఏడికి పోయిండో తెల్వది" అన్నాడు. అంతే. ఉన్నాడో, లేడో, ఇంకో సంసారం పెట్టాడో ఎవరికీ తెలియదు. ఆ పిల్లకు పాతికేళ్ళు కూడా నిండలేదు.

అప్పుడు నడుస్తున్న నా సీరియల్‌లో నాయిక భర్త ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళి రాడు. ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ పిల్ల సంగతి సరిగ్గా తెలియక ముందే మొదలుపెట్టాను. కానీ ఎవరు నమ్ముతారు? గల్లీ అంతా ఇది ఆమె కథేనని నిర్ణయించేసింది.

ఒక రోజు ఆమె అన్న వేల్పూర్ నుంచి వచ్చాడు. చెప్పులు విప్పి, గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, ఇంకెన్ని వారాలున్నది?" అన్నాడు.

"ఏది?"

"నీ సీరియల్."

నవ్వబోయి అతని మొహం చూసి ఆగిపోయాను. జక్రాన్‌పల్లి దగ్గర ఒక మంచి సంబంధం ఉందట. భార్య పోయినాయన, పిల్లలు లేరు, పసుపూ మక్కా పండిస్తాడు. మారుమనువుకు కులపెద్దలు కూడా సరేనన్నారు. ఆఖరికి ఆమె అత్త కూడా, "నీ ఇష్టం బిడ్డా, నేనింక ఎన్నొద్దులు బతుకుత" అందట.

"మా చెల్లె మాత్రం సీరియల్ అయినంక చెప్త అంటున్నది. కథల గాయన వస్తడా రాడా తేలినంకనే అంటున్నది. అవతలోళ్ళు ఆగుతలేరక్కా. జర జల్ది కథ అయిపోగొట్టు, నీకు పుణ్యముంటది."

ఆ సాయంత్రమే ఆ పిల్లను పెరట్లోకి లాక్కెళ్ళి చెడామడా తిట్టాను. "పిచ్చిమొహమా, అది నేను పొయ్యి దగ్గర నిలబడి అల్లేది! అన్నం మాడుతుంటే రాసేది! దాన్ని పట్టుకొని బతుకు తేల్చుకుంటవా?"

"అల్లేదే అక్కా. గని నా కడుపుల ఉన్నది నీకెట్ల తెల్సింది మరి?" అంది కుక్క చెవులు నిమురుతూ. "నువ్వు అన్ని దిక్కుల ఆలోచించి రాస్తవు. నాకు గంత తెలివి లేదు. గామె ఏం చేస్తదో సూసి నేను గదే చేస్త."

ఆ తరువాత నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. ముగించడానికి చేతులు రాలేదు. ఓడకు నిప్పంటించాను. నాయికకు టైఫాయిడ్ తెప్పించాను. ఎక్కడా లేని మేనత్తను కాశీ నుంచి దింపాను. అరుగు మీద ఆడవాళ్ళు, "గీమె ఎక్కడికెల్లి ఊడిపడ్డది?" అని నన్ను ఉతికి ఆరేశారు. సంపాదకుడు మొదట సంబరపడ్డాడు, తరువాత విసుక్కున్నాడు, చివరికి "ఇక ముగించండి, అతన్ని తెచ్చి ముగించండి" అని కబురు పంపాడు. నేను పెరట్లో గుండ్రంగా తిరిగేదాన్ని. నా వెనక మూడు కాళ్ళతో అది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, లేకపోతే పడేదే కాదు. మా ఆయన ఏమీ అనకుండా తినేవాడు. అది చూసి నాకు ఇంకా మండేది.

అతన్ని రప్పిస్తే ఈ పిల్ల జుట్టు నెరిసేదాకా గుమ్మంలో కూర్చుంటుంది. రప్పించకపోతే జక్రాన్‌పల్లి వెళ్ళిపోతుంది. తీరా వెళ్ళాక ఆ దుబాయ్ ఆయన నిజంగానే బస్సు దిగితే? ఊరంతా కలిసి నన్ను నమిలేస్తుంది. అంతకంటే ముందు నన్ను నేనే నమిలేసుకుంటాను. అత్తమ్మను అడిగాను.

"తీస్కరా. తీస్కరాకపోతే గా పిల్ల పాణం మీదికి తెచ్చుకుంటది" అంది ఆమె దారం కొరుకుతూ.

నేను ధైర్యం గల మనిషినని నాకు పేరు. ఆ పేరంతా నోటికి సంబంధించిందే. నాయిక ఇక చాలనుకుని తలుపు వేసుకుని వెళ్ళిపోయే ముగింపు ఒకటి రాశాను. చదువుకుంటే బాగుంది. దాన్ని పొయ్యిలో పెట్టి, అతను తిరిగొచ్చే ముగింపు రాసి, బస్టాండుకు వెళ్ళి పంపించేశాను. వస్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

పంపినది అచ్చులో రావడానికి కొన్ని వారాలు పట్టేది. అన్ని వారాలూ ఆ పిల్ల, "ఏం రాసినవక్కా? నాకొక్కదానికి చెప్పరాదు" అని బతిమాలేది. "సదివిననాడు విందువు తియ్యి" అని నేను కళ్ళు తప్పించేదాన్ని.

ఆ గురువారం అరుగు మీద చోటు లేదు. మార్కెట్‌కు సెలవు కావడంతో మా ఆయన కూడా లోపల గదిలోనే ఉన్నాడు. చదవడం మొదలుపెట్టాను. అతను గుమ్మంలో నిలబడతాడు. ఆమె నమ్మలేక చూస్తుంది. అప్పుడతను అంటాడు: "ఏ సముద్రం మీదున్నా నాకు ఒకటే ఆలోచన. నువ్వు తిన్నావో లేదో, నీకు ఒంట్లో ఎలా ఉందో, ఎవరైనా ఏమైనా అంటే ఎవరితో చెప్పుకుంటున్నావో. చెప్పు, ఎలా ఉన్నావు?"

నా రాతలన్నిటిలో అంతకంటే మంచి మాటలు లేవని ఇప్పటికీ అనుకుంటాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరిద్దరు వెక్కిళ్ళు పెట్టారు. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు. చేతిలో ఆకు అలాగే ఉంది, చుట్టడం ఆగిపోయింది.

"మావోడు గిట్ల మాట్లాడడక్కా" అంది.

"కథ గదే..." అన్నాను.

"గది కాదు. పొయినకొత్తల దుబాయ్ నుంచి మాటలు నింపి ఒక క్యాసెట్ పంపిండు. మస్తుసార్లు విన్న, టేప్ అరిగిపోయింది. బర్రె ఈనిందా అని అడిగిండు. ఇంటి మీద రేకులు ఏపిచ్చిండ్రా అని అడిగిండు. అమ్మకు మోకాళ్ళ నొప్పులెట్లున్నయని అడిగిండు. నువ్వెట్లున్నవని నన్ను ఒక్కపారి గూడ అడగలే." లెక్కలో తప్పు పట్టుకున్నవాళ్ళు చెప్పినట్టు చెప్పింది. "అడుగుతడేమో అని గన్నిసార్లు విన్న. నేను ఎదురుచూసేది మావోణ్ణి కాదక్కా. గీ సీరియల్ల ఉన్నోణ్ణి. మావోడు వచ్చినా గీయన రాడు."

ఆ పిల్ల ఆగిపోయిన బీడీని చుట్టి, దారం కట్టి, చాట ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడే అన్నకు సరేనని కబురు పంపింది. మరుసటి నెలలో పెళ్ళయింది. ఆ దుబాయ్ ఆయన మళ్ళీ ఎవరికీ కనబడలేదు. జక్రాన్‌పల్లి ఆయన ఎలాంటివాడో నాకు తెలియదు గానీ, తరువాత బస్టాండులో కలిసినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, "మంచిగున్ననక్కా, రోజూ లడాయే" అని పకపకా నవ్వింది.

ఆ గురువారం సాయంత్రం నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. భయపడి రాసిన ముగింపు. అది ఆమెను గుమ్మంలో కట్టి పడేస్తుందనుకుంటే, లేచి వెళ్ళేలా చేసింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పళ్ళెం పెట్టి అన్నం వడ్డించాను. మా ఆయన కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. పగలంతా లోపలే ఉన్నాడు, అరుగు మీద మాటలన్నీ విన్నాడు.

"నేను అడిగిన్నా ఎప్పుడన్న?" అన్నాడు.

"ఏంది?"

"నువ్వెట్లున్నవని."

అబద్ధం చెబుదామనుకున్నాను. రాలేదు. "లేదు" అన్నాను.

ఆయన పళ్ళెంలో అన్నాన్ని మళ్ళీ కలిపాడు. తరువాత తలెత్తి, "మరి ఎట్లున్నవ్?" అన్నాడు.

ఎంతమంది నాయికల చేత ఈ ఒక్క ప్రశ్నకు పేజీల కొద్దీ జవాబులు చెప్పించానో! నాకు ఒక్క ముక్క నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళకా అడగడమని దాని వెనకే కోపమూ వచ్చింది.

"అన్నం సల్లారుతున్నది, తినుండ్రి" అన్నాను.

ఆయన తినలేదు. చెయ్యి పళ్ళెంలోనే ఉంచి, నేను చెప్పేదాకా చూస్తూ కూర్చున్నాడు.