ప్రాసెసర్ల సుదర్శన్ బావ

మా సుదర్శన్ బావ రెండు ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి పోల్చకుండా ఎవరినీ లాప్‌టాప్ కొననివ్వడు. ఎవరినీ అంటే ఎవరినీ. ఆయనకు చెప్పకుండా కొన్నవాళ్ళు హన్మకొండలో ఇద్దరు ముగ్గురున్నారు. ఆయన ఎదురుపడితే వాళ్ళు ఇప్పటికీ పక్క సందులోకి తిరుగుతారు.

బావది ఎనుమాముల మార్కెట్టులో మిర్చి కమీషన్ వ్యాపారం. బస్తా మూతి దగ్గర కనబడే కాయను ఆయన నమ్మడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడుమ నుంచి పిడికెడు తీసి చూశాకే ధర మాట్లాడతాడు. లాప్‌టాప్ మీది స్టిక్కరు కూడా ఆయన లెక్కలో బస్తా మూతే.

"ఐ సెవెన్ అట బావా" అని నేనొకసారి మురిసిపోతూ చెప్పాను.

"జనరేషన్ ఎంత?"

"అదేంది?"

"అదేందో ఎర్కలేకనే కొంటానవా? పదకొండో జనరేషన్ ఐ సెవెన్ కన్న పదమూడో జనరేషన్ ఐ ఫైవ్ నయం. నంబరు చివర అక్షరం జూసినవా? యూ ఉంటే కరెంటు తక్కువ తింటది. హెచ్ ఉంటే జోరుగ ఉరుకుతది, గని కాగుతది."

నాకు లాప్‌టాప్ రావడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆ పదిహేడు రోజులూ నోటుబుక్కులో గళ్ళు గీసి, ప్రాసెసర్ల వివరాలు నాతోనే నింపించాడు. మొన్న మా అక్క శకుంతల మిక్సీ కొంటే దానికీ జనరేషన్ అడిగాడు. అక్క ఆ పూట చట్నీయే చేయలేదు.

ఈసారి ఆయన చేతికి చిక్కింది యాకమ్మ. బావ దగ్గర మిర్చి ఏరే పని చేస్తుంది. కూతురు నవ్యకు హైదరాబాదులో ఇంజనీరింగు సీటొచ్చి హాస్టల్లో చేరింది. నాలుగేళ్ళ చదువుకూ ఒక్కటే లాప్‌టాప్. పనికిరానిది కొంటే రెండోది కొనే శక్తి లేదు. ఇదివరకు ఫోను కొన్నప్పుడు ఎవరో పాత సరుకు అంటగట్టారు, ఆ భయం ఆమెకింకా పోలేదు.

"సేటు, మీరే ఒకటి జూసి తెచ్చియ్యుండ్రి" అంది.

"నేను తేను. రేపటి సంది అన్నం తిన్నంక అద్దగంట కూసో. నేర్పుత."

నాకు ఒళ్ళు మండింది. "బావా, క్లాసులు మొదలైనయి. పిల్ల అక్కడ దోస్తుల లాప్‌టాప్ అడుక్కుంటాంది. నువ్వు పోతే పది నిమిషాల పని గదా."

"పది నిమిషాల పనే" అని ఒప్పుకుని మళ్ళీ గళ్ళు గీయసాగాడు. ఈయన గొప్పలకు ఆ పిల్ల చదువు బలవుతోందని నేను అక్కతో అన్నాను కూడా.

తొమ్మిదో రోజున ముగ్గురం చౌరస్తా దగ్గరి దుకాణానికి వెళ్ళాం. బావ లోపలికి రాలేదు. పక్కన చాయ్ బండి దగ్గరే ఆగిపోయాడు.

"రా బావా."

"నేనొస్తే దుకాణపాయన నాతోనే మాట్లాడ్తడు. పైసలు ఆమెయి, ఆమెతోని మాట్లాడాలె. రేపు అండ్ల ఏమన్న ఖరాబైతే మళ్ళ ఆమెనే గదా వచ్చేది."

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆయనది చాదస్తం అనుకున్నాను.

దుకాణదారు ఓంప్రకాశ్ యాకమ్మను చూడకుండా నావైపే తిరిగాడు. "ఐ సెవెన్ సార్, టాప్ మాడల్."

"జనరేషన్ ఎంత?" అంది యాకమ్మ.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "పదకొండమ్మా."

"పదమూడుదాంట్ల ఐ ఫైవ్ జూపియ్యి. చివరకు యూ ఉన్నది." చూపించాడు. ఆమె దాని ఛార్జరు వైరు పట్టుకుని, "వైరు వీకినంక గూడ గింతే ఉరుకుతదా, మెల్లగైతదా? మా బిడ్డ హాస్టల్ల కరెంటు పోతాంటది" అంది.

ఓంప్రకాశ్ ముందు ఆమెకు కుర్చీ వేశాడు. తర్వాత వైరు పీకి చూపించడం మొదలుపెట్టాడు.

నేను బయటికొచ్చి చెబితే బావ చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. "ఇది నాకు గూడ తట్టలే" అంటూ నోటుబుక్కు తీసి కొత్త గడి గీసి, దాని మీద యాకమ్మ పేరు రాసుకున్నాడు.

ఆమె డబ్బా చంకన పెట్టుకుని వచ్చేసరికి పెన్ను పట్టుకుని ఎదురు వెళ్ళాడు. "యాకమ్మా, జర ఆగు. వైరు వీకినంక ఎంత మెల్లగైంది?"

"తొమ్మిది దినాలు నన్ను కూసోబెట్టినవు సేటు" అంది యాకమ్మ, చాయ్ బండి పక్కనున్న బల్ల చూపిస్తూ. "నువ్వు గూడ జర కూసో. చెప్త."

బావ బుద్ధిగా కూర్చున్నాడు.