ఆరున్నొకటి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ అంతే. కానీ ఆ రోజు వాగు మీద జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకు ఇంకా మండుతుంది.

డెబ్బైల నాటి సంగతి. మాది మాదాపూర్. రాళ్లు, సీతాఫలం చెట్లు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేని రోజులు. శేరిలింగంపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా చెల్లెలు సుగుణను చేసుకున్న బావ కోస్తావాడు, బియ్యం వ్యాపారుల ఇంట్లో పుట్టాడు. కుదురుగా కూర్చోలేని మనిషి. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, అందరినీ ఎక్కడికో ఈడ్చుకుపోయేవాడు.

ఆసారి గోదావరి దగ్గరి అడవి. కొండవాగులో వెదురు తెప్ప మీద షికారు అన్నాడు. రైలు, బస్సు, ఆ తర్వాత జలగలు. వాన ఒక్క పూట విడవలేదు. నా భార్య దారంతా నన్నే తిట్టింది, ఆలోచన నాదైనట్టు.

తెప్ప మీద ఆరుగురం. ముందు గడ వేసే మనిషి వేరే. బావ, నేను, నా భార్య, ఫ్యాక్టరీ మిత్రులిద్దరు, అందరికన్నా వెనక సుగుణ. నీళ్లు రాళ్ల మీంచి దూకే చోటు, అంటే దూకుడు, దాటిన ప్రతిసారీ, వెనక్కి తిరగకుండా వరుసగా అంకెలు చెప్పాలని బావ హుకుం. తిరిగితే తెప్ప ఒరుగుతుందట. పైగా బియ్యం కొట్లో కొలిచే లెక్క. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అంటే ఏడవమన్నట్టు, కాబట్టి ఆరున్నొకటి అనాలి.

“మనం ఆరుగురమే గద బావా, ఏడు ఎవరంటరు?”

“అలవాటండీ బావగారూ. చెప్పి ఉంచాను, అంతే.”

పెద్ద దూకుడు దగ్గర తెప్ప మునిగి లేచింది. కళ్లలో, ముక్కుల్లో నీళ్లు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. చివర సుగుణ గొంతు, “ఆరు.” ఇంకేం, ముందుకు పోనిమ్మని బావ చెయ్యి ఊపాడు.

అప్పుడు వెనక నుంచి, నీళ్ల హోరులో, ఎవరో తీరిగ్గా “ఆరున్నొకటి” అన్నారు.

“వేళాకోళానికి ఇదా అండీ సమయం!” అని బావ నా మీద విరుచుకుపడ్డాడు. నాకు తిక్క రేగింది. అన్నదెవరో పట్టి చూపించడానికి వెనక్కి తిరిగాను. సుగుణ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

తెప్పను ఒడ్డుకు తోయించి, రాళ్ల మీద పడుతూ లేస్తూ వెనక్కి పరుగెత్తాం. దూకుడు కింద, వాలిన కొమ్మను పట్టుకుని వేలాడుతోంది. వేళ్లు అప్పటికే జారుతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే నా చెల్లెలు నాకు దక్కేది కాదు. బావ ఆమెను పైకి లాగి, పట్టుకుని బావురుమన్నాడు.

పడిపోయినదానివి ఆరు అని ఎట్లా అన్నావని అడిగాను.

“నేనేం అనలే అన్నా. నోట్ల నీళ్లే ఉండె. మీరు పోతుంటె సూస్తున్న, పిలువనీకి రాలే.”

ఒడ్డున మనిషి జాడ లేదు. గడ వేసే మనిషి మా ముందే ఉన్నాడు. మిత్రులిద్దరూ తాము కాదని ఒట్టేశారు. నీళ్ల చప్పుడై ఉంటుందని నా భార్య అంటుంది. నీళ్లకు బియ్యం కొట్టు లెక్క ఎవరు నేర్పారు? సుగుణ గొంతుతో ఆరు అన్నదెవరు? ఆ తర్వాత అన్నదీ వాళ్లేనా? కాపాడాలనే ఉంటే “మీ చెల్లె పడ్డది” అని తిన్నగా అరవొచ్చు కదా! తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది.

దయ్యాలను నేను నమ్మను. కానీ ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు ఆరు అన్నాక ఆగిపోతాను. ఆ ఖాళీ చోటు కళ్ల ముందుకొస్తుంది. ఏడు అనడానికి నోరు రాదు.