మెట్లు లేని పడవ

మాది గూళూరు పక్కన ఒక పల్లె. బోరులో నీళ్లు పడితే ఊరంతా వచ్చి చూసే చోటు. అట్లాంటి చోట పుట్టిన నేను కొచ్చిలో వాటర్ టాక్సీలు డిజైన్ చేస్తానంటే మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. దీవుల నుంచి జనాన్ని ఆఫీసులకూ ఆస్పత్రులకూ చేరవేసే చిన్న కరెంటు పడవలవి.

నవ్వనిది మా అక్క ఒక్కతే. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. సాదలి అనే ఊరికి కోడలిగా వెళ్లి, అక్కడ పట్టుపురుగులు మేపుతోంది. బస్సెక్కాలంటే రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. వెనకనుంచి ఎవరో ఒకరు తొందరపెడుతూనే ఉంటారు. అందుకే ఊళ్లు తిరగడమే మానేసింది.

ఒకసారి ఫోనులో అడిగింది. "మీ పడవకు మెట్లుండాయా?"

"ఉండాయక్కా. ఎక్కేకి ఒకటి, లోపలికి దిగేకి రెండు."

"అట్లయితే నాకు కాదులేమ్మా," అంది, మామూలుగానే.

ఆ మాట నన్ను వదల్లేదు. మెట్లు తీసేద్దామని మా పెద్ద ఇంజినీరుతో అన్నాను. తలుపు కిందికి దించితే అల లోపలికొస్తుందన్నాడు. లోపలి నేలనే పైకి లేపుదామన్నాను. బరువు పైకెక్కి పడవ ఊగుతుందన్నాడు. నెలల తరబడి కొట్లాడుకున్నాం. చివరికి బ్యాటరీలను పడవ అడుక్కు దించి, నేలను తలుపు ఎత్తుకు లేపాం. పడవకూ జెట్టీకీ మధ్య సందు మీద పరుచుకునేలా ఒక మడత పలక పెట్టాం.

పోయినేడు, ఒక పంట పట్టుగూళ్లు అమ్మేసి కొత్త పురుగులు తెచ్చేలోపు దొరికిన ఖాళీలో అక్క, బావ వచ్చారు. జెట్టీ అంచున అక్క చాలాసేపు నిలబడింది. నేను చేయి చాచాను.

"వద్దు. నువ్వు పక్కకు జరుగు."

పలక మీద కాలుపెట్టి, ఎవరినీ పట్టుకోకుండా నడిచి, కిటికీ దగ్గర కూర్చుంది. పడవ కదిలాక అద్దానికి అరచేయి ఆనించి నీళ్లనే చూసింది. అవతలి గట్టున అందరూ దిగారు. అక్క దిగలేదు.

"ఇది ఇంకా యాడికన్నా పోతాదా?"

"వెనక్కే పోతాది."

"పోనీ. మళ్లీ పోదాం."

సాయంత్రం దాకా అట్లాగే తిరిగాం. బావ జెట్టీ మీద టీలు తాగుతూ మాకోసం కాచుకున్నాడు.

మర్నాడే వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడా పడవలు రోజూ తిరుగుతున్నాయి. పనిమీద ఎక్కినప్పుడల్లా నా కళ్లు కిటికీ సీట్ల వైపే పోతాయి. చేతికర్రతో ముసలామె ఆగకుండా లోపలికి నడిచొస్తే సంతోషమే. కానీ ఈ నీళ్ల మీద నాతో మా ఊరి మాట మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

మొన్న ఫోన్ చేసేసరికి అక్క మల్బరీ తోటలో పురుగులకు ఆకు కోస్తోంది.

"మళ్లెప్పుడొస్తావక్కా?"

"చూద్దామమ్మా. పురుగులు మేత మీద ఉండాయి, వాటిని ఇడిసి యాడికొస్తును?"

ఆమె ఆకు తెంపుతున్న చప్పుడు వింటూ, ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాను.