ట్యూబ్‌లైటు కింద కలిపిన గుట్ట

నా పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో, జైనూర్ మండలంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో భోజనశాల గోడ మీద ఎదుటి గుట్టను చిత్రించే పని నాకు అప్పగించారు. నేనక్కడ డ్రాయింగ్ మాస్టరును. స్టాఫ్ మీటింగులో చివరి కుర్చీ నాది. పది రోజుల్లో పై అధికారి తనిఖీకి వస్తారు. కరీంనగర్‌కు బదిలీ అడిగి అడిగి విసిగి ఉన్నాను గనుక బ్రష్షు ముట్టకముందే బేరం పెట్టాను. హెడ్‌మాస్టరు ఒప్పుకున్నారు: "గోడ సారుకు నచ్చితే నీ బదిలీ మాట నేనే ఎత్తుత. నచ్చకుంటే మల్ల నన్నడుగకు."

తెల్ల డిస్టెంపర్‌లో స్టెయినర్లు, అంటే చిన్న సీసాల్లో వచ్చే చిక్కటి రంగులు, చుక్కచుక్కగా కలపాలి. గోడ మూలన ఒక మచ్చ వేసి, ఆరాక ఎండ వెలుతురులో ఛాయ చూసుకోవాలి. బయట ఎండకు జడిసి నేను స్టోర్ రూములో, ఫ్యాను కింద, ట్యూబ్‌లైటు వెలుగులో కలిపాను. మచ్చ ఎగ్గొట్టాను. అడవి పచ్చన కాక మరేముంటుంది? నాలుగు రోజుల్లో గుట్ట పూర్తయింది.

వంట చేసే మారుబాయి గంజు దించి గోడ వైపు చూసింది.

"గిది ఏ ఊరి గుట్ట సారూ?"

"మనదే."

"మన గుట్ట గింత పచ్చగెక్కడున్నది? టేకాకంత రాలిపాయె. జర బయటికొచ్చి చూడు."

వెళ్లి చూశాను, ఆమె మాటే నిజం. నేను బట్టల దుకాణంలో పెరిగినవాణ్ణి. చీర రంగు ఎండకు చూస్తామని వాకిట్లోకి నడిచేవాళ్లను "లోపట్నే మంచిగ కనవడ్తది అక్కా" అని ఆపడం మా బాపు దగ్గర నేర్చిన మొదటి విద్య. ఆ విద్యతో నన్ను నేనే ముంచుకున్నాను.

పచ్చ మీద సున్నం కొట్టి, డబ్బాలు ఆరుబయటికి మోసుకొచ్చాను. గుట్ట పొద్దున బూడిద రంగు, పగలు ఎండిన పొగాకు రంగు, సాయంత్రం ఇటుక రంగు. నడుమ మోదుగు పూలు నిప్పుల్లా. ఒక పూట కలిపింది మరో పూటకు తప్పు. రెండు రోజులు గోడకూ వాకిలికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

"పోరగాండ్లు పగటీలి గీడ కూసుండి తింటరు గదా," అంది మారుబాయి. "గప్పటి గుట్టనే ఎయ్యరాదు?"

పొగాకు రంగే వేశాను.

అధికారి మధ్యాహ్నం వచ్చారు. "ఎండిపోయినట్టుందేమిటి?" అన్నారు. హెడ్‌మాస్టరు వెంటనే, "ఒక్క పూట పని సార్, పచ్చ ఏస్తడు" అన్నారు. ఆ మాటకు తలూపితే నాకు కరీంనగర్.

"ఒక్కసారి వాకిట్లోకి రండి సార్," అన్నాను.

వచ్చారు. గుట్టను చూశారు, గోడను చూశారు. లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నారు. గోడ అలాగే ఉంది. బదిలీ మాట హెడ్‌మాస్టరు ఎత్తలేదు. సిగ్గు విడిచి నేనే అడిగినా ఆ ఏడు రాలేదు.

రంగును చూడబోయే చోట, చూడబోయే వేళకే కలపాలి. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ పిల్లల చేత రంగుల డబ్బాలు గదిలో తెరిపించలేదు.